చేట ఎందుకమ్మా, బియ్యానికా షోకా?

(చెన్నై వేళచ్చేరిలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళం నెలకోసారి క్లబ్ హౌస్‌లో కలుస్తాం. ఈసారి మాట్లాడింది మా బ్లాకులోనే ఉండే రిటైర్డ్ క్రాఫ్ట్ టీచర్ గారు. ఫోన్‌లో రికార్డ్ చేసి, ఆవిడ మాట్లాడింది మాట్లాడినట్టే టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం అండీ. వెనక వాళ్ళకి వినపడుతోందా? ఆ మైకు గుయ్యిమంటోంది, ఆపేసేయ్ బాబూ, పర్లేదు, 24 ఏళ్ళు క్లాసుల్లో అరిచిన గొంతు ఇది, మైకు లేకపోయినా చివరి బెంచీ దాకా పోతుంది. (నవ్వులు)

సెక్రటరీ గారు నాకిచ్చిన టాపిక్ ఏంటంటే, "నిత్యజీవితంలో కళలు, చేతిపనుల ప్రయోజనం". చూడగానే పరీక్ష పేపర్లో పది మార్కుల ప్రశ్నలా అనిపించింది నాకు. వ్యాసం రాయడం నా వల్ల కాదు గానీ ఒక వస్తువు తెచ్చాను, ఇదిగో, చేట. ఆ డబ్బాలో ఒక కిలో వేయించిన పల్లీలున్నాయి, పొట్టు నలిపి తెచ్చాను, చెరగలేదు. చెరగడం మీ పని. ఎవరికొచ్చో చివర్లో చూద్దాం, చెరిగాకే తినడం, అప్పటిదాకా ఎవరూ డబ్బా మూత తియ్యొద్దు, రావు గారూ మిమ్మల్నే. (నవ్వులు)

ఈ చేట కథ ముందు చెప్తాను. నా ప్లాస్టిక్ చేట పగిలిపోయింది పోయినేడాది. మన వీధి చివర బస్టాప్ పక్కన పేవ్‌మెంట్ మీద కూర్చుని వెదురు బుట్టలు అల్లుతుంటారు కదా ఒకావిడ, ఆమె దగ్గరికెళ్ళి "మురం వేణుమ్మా" అన్నాను తమిళంలో. నేను మద్రాసు వచ్చింది 1986లో, పెళ్ళై వచ్చాను, ఇన్నేళ్ళయినా నా తమిళం ఎలాంటిదంటే ఆవిడ ఆ రెండు ముక్కలు వినగానే తెలుగులో జవాబిచ్చింది. (నవ్వులు) ఏమందంటే, "చేట ఎందుకమ్మా? బియ్యానికా, పెళ్ళికా, షోకా?"

నాకు అర్థం కాలేదు. చేటంటే చేటే కదా, అన్నాను. ఆవిడ నవ్వి చెప్పింది, బియ్యానికైతే బద్ద సన్నగా చీల్చాలి, ముదురు వెదురు పైతోలు తీసుకోవాలి, దగ్గర దగ్గరగా నొక్కి అల్లాలి, అంచుకి గట్టి కట్టు వెయ్యాలి, లేకపోతే నాలుగు నెలలకి అంచు ఊడొచ్చి నువ్వే వచ్చి నన్ను తిడతావు. పెళ్ళికైతే చిన్నది, పసుపు పూస్తారు, ఒక్క పూట నిలబడితే చాలు. ఇంక షోకైతే, బొటిక్ వాళ్ళు వచ్చి డజన్ల లెక్కన తీసుకెళ్తారు, రంగులేసి గోడకి తగిలించుకుంటారు, సందులున్నా పర్లేదు, వెనక వైపు ఎలా ఉన్నా పర్లేదు, ఎవరు చూస్తారు. "మరి రేటు?" అన్నా. "షో చేటకే ఎక్కువ అడుగుతానమ్మా, వాళ్ళకి తెలీదుగా" అంది. (నవ్వులు)

నేను ఇంటికొచ్చాక కూడా ఆ మాటే తిరుగుతూ ఉంది బుర్రలో. ఎందుకంటే ఆవిడ లెక్కలో కష్టపడి, జాగ్రత్తగా, తన పేరు పోకుండా చెయ్యాల్సిన వస్తువు ఏదీ అంటే వంటింట్లోకి పోయేది, గోడకి పోయేది కాదు. మనం సరిగ్గా తల్లకిందులుగా అనుకుంటాం. గోడ మీదుంటే కళ, వంటింట్లో ఉంటే సామాను.

సరే, నేను బియ్యం చేటే తెచ్చుకున్నా. తెచ్చి మెంతులు నానబెట్టా, పాత పేపర్లు ముక్కలు చేసి నానబెట్టా, రెండూ రుబ్బి ఆ గుజ్జుతో చేట అలుకుదామని. ఇక్కడున్న పెద్దవాళ్ళకి తెలుసు, ఎంత దగ్గరగా అల్లినా సన్న సందులుంటాయి, నూక అందులో ఇరుక్కుంటుంది, మెంతుల జిగురుకి ఆ గుజ్జు పట్టుకుంటుంది, పురుగూ తొందరగా రాదు అనేవాళ్ళు. మా కోడలు చూసి, పాపం మంచి పిల్ల, ఇక్కడే ఉంది, "అయ్యో అత్తయ్యా, ఇంత అందంగా అల్లిందాన్ని ఎందుకు పాడు చేస్తారు, హాల్లో టీవీ పైన పెడదాం" అంది. నాకు కోపం రాలేదు, అమ్మాయి కళ్ళకి అది నిజంగా అందంగా కనపడింది, అందులో తప్పేముంది. కానీ పాడు చెయ్యడం అన్న మాట దగ్గర ఆగిపోయాను నేను. అలకడం పాడు చెయ్యడమా?

మన ఇళ్ళల్లో షోకేసులు ఒకసారి గుర్తు చేసుకోండి. కొండపల్లి ఏనుగు అంబారీ, దశావతారాలు, నిర్మల్ పళ్ళెం, ఏటికొప్పాక లక్క పిడతలు, అన్నీ అద్దం వెనకాల, తాళం కూడా వేస్తారు కొంతమంది. ఏటికొప్పాక బొమ్మ ఎలా చేస్తారో చూశారా ఎవరైనా? అంకుడు కర్ర, మెత్తగా ఉంటుంది, దాన్ని తిరిగే మిషను మీద బిగించి ఉలితో చెక్కుతారు, తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకి అదిమి పట్టుకుంటే ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది, బ్రష్షూ లేదు ఏమీ లేదు. మూల ఉండదు, అంతా గుండ్రం. రంగులు చెట్ల నుంచీ గింజల నుంచీ తీసినవి. ఎందుకలాగ? చంటిపిల్ల నోట్లో పెట్టుకుంటుందని. నోట్లో పెట్టుకోవడానికి పుట్టిన బొమ్మని మనం పిల్ల చేతికి ఇవ్వకుండా "ముట్టుకోకు, ఖరీదు" అని పైన పెడుతున్నాం, కింద ఆడుకోవడానికి ప్లాస్టిక్‌ది ఇస్తున్నాం. 2025 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో ఆంధ్రా శకటం మీద ఈ బొమ్మలే ఊరేగాయి, నేను టీవీలో చూసి చప్పట్లు కొట్టా, సంతోషమే, కానీ ఊరేగింపులు దేవుడికి సరిపోతాయండీ, బొమ్మకి పిల్లకాయలు కావాలి.

నా తప్పు కూడా చెప్తాను, ఊరికే మిమ్మల్ని అనడం ఎందుకు. నా పెళ్ళికి కంచిపట్టు చీర కొన్నారు మా నాన్న, కోర్వై చీర. కోర్వై అంటే చీర ఒళ్ళు ఒక రంగు, అంచు ఇంకో రంగు, మూడు నాడెలు, అంటే అడ్డపోగుని అటూ ఇటూ తీసుకెళ్ళేవి, ఆడతాయి, నేసే ఆయన ఒక్కడి వల్ల కాదు, పక్కన ఇంకో మనిషి కూర్చుని అంచు నాడె అందించాలి, పేక పేకకీ అంచునీ ఒంటినీ ముడేసుకుంటూ పోవాలి. అంటే ఇద్దరు మనుషులు రోజుల తరబడి పక్కపక్కన కూర్చుని నేశారన్నమాట నా చీర. నేనేం చేశాను, రెండు సార్లు కట్టి, తెల్ల గుడ్డలో చుట్టి, బీరువాలో పెట్టి, మధ్యమధ్యలో బీరువా తెరిచి చూసుకుని మళ్ళీ మూసేశా. 2012లో మా చెల్లెలి కూతురి పెళ్ళికి తీశానండీ, మడత దగ్గర పర్రుమని చినిగింది, ఒకచోట కాదు, మడత మడతకీ. మద్రాసు తేమ, జరీ బరువు, ఏళ్ళ తరబడి అదే మడత. కట్టి చింపితే ఒక అర్థం ఉంది, నేను దాచి చింపాను.

అదే మా అమ్మ వెంకటగిరి నూలు చీరలు. మాది నాయుడుపేట పక్కన పల్లె, వెంకటగిరి దగ్గరే మాకు. అమ్మ ఒక చీర వారానికి రెండు రోజులు కట్టేది, కొన్నేళ్ళకి మెత్తబడ్డాక మా తమ్ముడికి ఉయ్యాల అయింది, తర్వాత నాలుగైదు పాతచీరలతో కలిపి బొంత కుట్టింది, బొంత చివికాక ముక్కలు మసిగుడ్డలు అయినాయి. ఆ చీర ఇప్పుడు లేదు, ఒక్క పోగు లేదు. కానీ ఆ అంచు డిజైను కాగితం మీద గీయమంటే ఇప్పుడే గీస్తాను, నా పట్టుచీర అంచు మీద ఏముందో చూసుకోకుండా చెప్పలేను. దీన్ని ఏమనాలో మీరే చెప్పండి.

ఇక్కడ ఒకాయన అడుగుతారని తెలుసు, మరి కలంకారీ సంగతేంటి, అది గోడకి కట్టే పటమే కదా అని. మంచి ప్రశ్న, నన్ను నేనే అడుక్కున్నాను. కాళహస్తి పటాలు గుళ్ళో దేవుడి వెనకాల కట్టేవాళ్ళు, రామాయణం భారతం గళ్ళు గళ్ళుగా, కింద తెలుగులో రాసి. చదువు రాని వాళ్ళకి వేలు పెట్టి చూపిస్తూ కథ చెప్పడానికి అది. గోడ మీదున్నా పని చేస్తూనే ఉంది కదా. మేం ఒకసారి కాళహస్తి వెళ్ళినప్పుడు దర్శనం అయ్యాక పని చేసే వాళ్ళింటికెళ్ళి పొద్దుగూకేదాకా కూర్చున్నా, మా ఆయనకి బస్సు తప్పింది, ఇప్పటికీ అంటారు. (నవ్వులు) ముందు గుడ్డని కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరేస్తారు, ఆ వాసన అబ్బో. పాలు ఎందుకంటే అందులో కొవ్వుకి రంగు పాకకుండా గీత గీతలాగే నిలబడుతుంది. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో బొమ్మ గీసుకుని, వెదురుపుల్లకి గుడ్డ పీలికో ఉన్ని ముక్కో చుట్టి దారం కట్టి, అదే కలం, నల్లరంగులో ముంచి వేళ్ళతో నొక్కుకుంటూ గీస్తారు. ఆ నలుపు తుప్పుపట్టిన ఇనుపముక్కలు బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరేసింది. కలంలో ఉన్నప్పుడు అది గోధుమ రంగు నీళ్ళలా ఉంటుంది, గుడ్డకున్న కరక్కాయ తగలగానే నల్లబడుతుంది, కళ్ళముందే. ఎరుపు కావాల్సిన చోట పటిక పూస్తారు, తర్వాత వేర్ల రంగులో ఉడకబెడితే పటికున్న చోటే ఎర్రగా పట్టుకుంటుంది. ప్రతి రంగుకీ ఉతుకు, ఆరబెట్టు. ఈ విద్య ఒక దశలో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళ దగ్గర మాత్రమే మిగిలితే, చేతిపనుల్ని మళ్ళీ నిలబెట్టిన కమలాదేవి చటోపాధ్యాయ గారి చొరవతో 1957లో అక్కడ ట్రైనింగ్ సెంటర్ పెట్టారు, ఆ సెంటర్ వల్లే ఈరోజు మనం చీరల మీద చూస్తున్నాం.

మచిలీపట్నం వైపు అద్దకాలైతే మొదట్నుంచీ దుప్పట్లకీ గౌన్లకీ కర్టెన్లకీ పోయినవే. మన సముద్రతీరం చీటీ గుడ్డలు, అంటే పూల అద్దకం గుడ్డలు, యూరప్‌లో ఎంత పిచ్చిగా వాడారంటే వాళ్ళ నేతగాళ్ళు గోల పెట్టి 1686లో ఫ్రాన్స్‌లో, 1700లో ఇంగ్లండ్‌లో వాటిని ఆపుతూ చట్టాలు చేయించుకున్నారు. 1719లో లండన్ వీధుల్లో ఆ గౌన్లు వేసుకున్న ఆడవాళ్ళ మీద పడి చింపారు, సిరా చల్లారు, యాసిడ్ చల్లారు. పాపం ఆ ఆడవాళ్ళ తప్పేంటి, ఉతికినా రంగు పోని గుడ్డ దొరికింది, రోజూ వేసుకున్నారు. అద్దం వెనక పెట్టుకునే సరుకైతే అంత భయం ఎవరికండీ?

అంతదూరం ఎందుకు, ఇక్కడే వేళచ్చేరి స్టేషన్లో ఎంఆర్‌టీఎస్ లోకల్ రైలు ఎక్కి బీచ్ వైపు వెళ్తుంటే చింతాద్రిపేట వస్తుంది కదా, చేపల మార్కెట్ అని ముక్కు మూసుకుంటాం. ఆ పేట పుట్టిందే నేతవాళ్ళ కోసం, 1734లో, ఈస్టిండియా కంపెనీ వాళ్ళు గుడ్డ దగ్గర్లోనే దొరకాలని ఒక తోటలో వడికేవాళ్ళనీ నేసేవాళ్ళనీ అద్దేవాళ్ళనీ ఉతికేవాళ్ళనీ తెచ్చి పెట్టారు. చిన్న తఱి పేట్టై, అంటే చిన్న మగ్గం పేట, అదే నోట్లో నలిగి చింతాద్రిపేట అయిందని చెప్తారు. ఇప్పుడు ట్రైన్లో అందరం ఫోన్లు చూసుకుంటూ దాని మీదుగా పోతుంటాం.

ఇంకోటి, ఇది కొంతమందికి నచ్చకపోవచ్చు. దయచేసి జాలితో కొనొద్దు. జాతీయ చేనేత దినం ఆగస్టు 7, మొదటిసారి 2015లో జరిపింది మన మద్రాసులోనే, యూనివర్సిటీ సెంటినరీ హాల్లో. ఆ రోజు అందరూ ఒక చేనేత చీర కట్టుకుని ఫొటో పెడతారు, "పాపం నేతన్నలు" అని రాస్తారు. 2019-20 చేనేత సెన్సస్ ప్రకారం చేనేత మీద బతికేవాళ్ళు దేశంలో 35 లక్షల మంది, అందులో నూటికి 72 మంది ఆడవాళ్ళు. వీళ్ళందరినీ ఏడాదికి ఒక్కరోజు జాలి పోషిస్తుందా? నేను చెప్పేదేంటంటే, కొనండి, వారంలో రెండుసార్లు కట్టండి, బస్సెక్కండి, కూర చిందించుకోండి, రంగు పోతే తీసుకెళ్ళి "ఏందయ్యా ఇది" అని గట్టిగా అడగండి. ఆ బుట్టలావిడ నాలుగు నెలలకి అంచు ఊడితే తిడతావు అంది చూశారా, అట్లా తిట్టే కొనేవాళ్ళు లేకపోతే పని మంచిదో కాదో చెప్పేవాళ్ళే ఉండరు. జాలిపడే వాళ్ళు తిట్టరు, రెండోసారి రారు కూడా. మధ్యలో ఒక తమాషా, 1960ల్లో అమెరికాలో "బ్లీడింగ్ మద్రాస్" అని మన గళ్ళ గుడ్డని, రంగు వదలడమే దాని గొప్ప అని చెప్పి అమ్మేశారు, మనూరి పేరు మీదే. అంత తెలివి మన షాపులవాళ్ళకి రాలేదింకా. (నవ్వులు)

కళాకారుడు వేరు, పనివాడు వేరు అనే వాళ్ళకి ఈస్ట్ కోస్ట్ రోడ్డులో చోళమండలం అనే కళాకారుల ఊరు చూపించాలి. ఎగ్మోర్ ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కె.సి.ఎస్. పణిక్కర్ గారు, ఆయన స్టూడెంట్లూ కలిసి 1966లో ఇంజంబాక్కంలో ఇసకదిబ్బల్లో స్థలం కొనుక్కుని కాపురాలు పెట్టారు. వాళ్ళ పెయింటింగులు ఎవరు కొంటారు ఆ రోజుల్లో? మైనం పూసి రంగేసే బాటిక్ గుడ్డలు, ఇంకా రకరకాల చేతి వస్తువులు చేసి అమ్మి, ఆ డబ్బుతో బియ్యం కొనుక్కుని, మిగతా టైంలో బొమ్మలేశారు. అక్కడ క్రాఫ్టే ఆర్ట్‌కి అన్నం పెట్టింది.

స్కూలు సంగతి రెండు ముక్కలు చెప్పి పల్లీల దగ్గరికొస్తాను. గాంధీగారు 1937లో వార్ధాలో, చదువు చేతిపని చుట్టూ నడవాలి అన్నారు. అది తిరిగి తిరిగి 1977 తర్వాత ఎస్‌యూపీడబ్ల్యూ, అంటే సోషల్లీ యూజ్‌ఫుల్ ప్రొడక్టివ్ వర్క్, అనే పేరుతో స్కూళ్ళకి చేరింది. దాని ఫుల్ ఫామ్ పిల్లలు ఏం చెప్పేవాళ్ళో తెలుసా? "సమ్ యూజ్‌ఫుల్ పీరియడ్స్ వేస్టెడ్". (నవ్వులు) నేను ఆ వేస్ట్ పీరియడ్ టీచర్ని. నేను పనిచేసిన స్కూల్లో పదో తరగతి రాగానే నా పీరియడ్ మ్యాథ్స్‌కి ఇచ్చేసేవాళ్ళు, అడిగితే "బోర్డ్ ఎగ్జామ్ మేడమ్" అనేవాళ్ళు, నేను స్టాఫ్‌రూంలో కూర్చుని కుట్లు కుట్టుకునేదాన్ని. ఆరో క్లాసు మగపిల్లలకి గుండీ కుట్టడం నేర్పిస్తే ఒక తండ్రి వచ్చి గొడవ పెట్టుకున్నాడు, మావాడు టైలర్ అవ్వాలా అని. ఆ పిల్లాడే తర్వాత హాస్టల్ నుంచి ఫోన్ చేశాడు, "మిస్, మా ఫ్లోర్ మొత్తానికీ గుండీలు నేనే కుడుతున్నా, గుండీకి ఒక మ్యాగీ తీసుకుంటున్నా" అని. (నవ్వులు, చప్పట్లు)

ఈమధ్య ఎక్కడ చూసినా స్ట్రెస్ తగ్గడానికి క్రాఫ్ట్ వర్క్‌షాప్ అంటున్నారు, రెండు గంటలకి రెండు వేలు, కుండ చేసి ఫొటో తీసుకుని రావడం. వెళ్ళండి, వద్దనను. కానీ నాకు తెలిసి చేతిపని స్ట్రెస్ తగ్గించదండీ, సూదిలో దారం ఎక్కకపోతే నాకు బీపీ పెరుగుతుంది. అది చేసేది వేరే. వెదురు నీ మాట వినదు, మట్టి నీ మాట వినదు, నూలు తెగుతుంది, నువ్వు ఎంత పెద్ద మేనేజర్‌వైనా. దాని దారికి నువ్వు వెళ్ళాలి. రోజులో ఒక్కసారైనా మనం చెప్పినట్టు వినని వస్తువు చేతిలో ఉంటే మంచిదే అనిపిస్తుంది నాకు, ఫోనైతే అన్నిటికీ సరే అంటుంది కదా.

నేనేం సన్యాసిని కాదు, మిక్సీలోనే రుబ్బుతా, మా ఇంట్లో బకెట్లు ప్లాస్టిక్‌వే. ప్లాస్టిక్ చేట కూడా పదేళ్ళు వాడాను. దాని మీద పొట్టు అంటుకుపోతుంది, గింజ జారిపోతుంది, నున్నగా ఉంటుంది కదా. స్టీలు చేటయితే చప్పుడుకి పక్కింటివాళ్ళు లేస్తారు. వెదురుకి ఆ సన్న గరుకు ఉంది చూశారా, అదే పని చేసేది.

సరే రండి, ఎవరు చెరుగుతారు? కార్తీక్, నువ్వు రా బాబూ, ఐటీ కుర్రాడివి. ఆ చేట లోతు వైపు నీ పొట్ట దగ్గరుండాలి, వెడల్పు మూతి బయటికి. అట్లా కాదు, దోసె తిప్పినట్టు కాదు... (నవ్వులు) అయ్యో, సగం పల్లీలు కింద. పర్లేదు. గింజ ఎగరాలి గానీ గాల్లో ఉండకూడదు, ఎగిరి నీ దగ్గరికే రావాలి, పొట్టు తేలిక కదా, అది ముందుకి పోతుంది. ఇంకెవరు? రావు గారూ? ఊహూ, మీరు తినడానికే వచ్చారు.

పెద్దమ్మా మీరు రండి. గూడూరు పెద్దమ్మ, 78 ఏళ్ళు. మోకాలు నొప్పా, కుర్చీలోనే కూర్చోండి, చేట ఒళ్ళోకి ఇస్తాను. చూడండందరూ, ఆ మణికట్టు చూడండి, చెయ్యంతా ఊపడం లేదు. ఆ చప్పుడు వినండి, చర్ చర్ అని ఒకే తాళం. పెద్దమ్మా, ఎన్నేళ్ళైంది చేట పట్టుకుని?

(పెద్దమ్మ: ఇరవై ఏళ్ళు పైన్నే అయ్యుంటాదమ్మా. ప్యాకెట్ బియ్యం వచ్చినాక ఎవరు చెరగమంటారు?)

ఇరవై ఏళ్ళు. చేతికి ఇంకా గుర్తుంది చూడండి. ఇప్పుడు ఇంకోటి చేస్తున్నారు, పక్కకి తిప్పుతున్నారు గుండ్రంగా, దాన్ని నేమడం అంటారు, చెరగడం వేరు, నేమడం వేరు. చెరిగితే పొట్టు పోతుంది, నేమితే రాయీ గింజా విడిపోతాయి. ఇందులో రాళ్ళు లేవు పెద్దమ్మా, పల్లీలే.

(పెద్దమ్మ: చెయ్యి ఆగదమ్మా, అలవాటు.)

కార్తీక్, పెద్దమ్మ పక్కన నిలబడి ఇంకోసారి పట్టుకో. ఆమె చెయ్యి మీద నీ చెయ్యి వెయ్యి, అంతే. ఆ... ఆ... కొంచెం వచ్చింది. చాలు, మిగతాది మీ ఇంట్లో. ఎవరో వెనకనుంచి అడుగుతున్నారు, చేట ఎంత అని. నాకు 250కి ఇచ్చింది. పేవ్‌మెంట్ మీద మధ్యాహ్నం మూడు దాకా ఉంటుంది, తెలుగులోనే మాట్లాడండి. బియ్యానికే అని చెప్పండి, మర్చిపోకండి, లేకపోతే షో చేట అంటగడుతుంది.

పల్లీలు తీసుకోండి అందరూ, పేపర్ కప్పులు ఆ టేబుల్ మీదున్నాయి. మా కోడలా, ఆ చేట దులిపి ఇటివ్వు, రేపు పొద్దున కందిపప్పు చెరగాలి. ఈ పొట్టంతా వాచ్‌మన్ మీదికి తొయ్యకండి, కొబ్బరీనెల చీపురు ఎవరింట్లో ఉంది?